ఊడిరాని టోబార్

ఆదివారం పొద్దున పదింటికి పది నిమిషాలుండగా, నేవన్ ఊరి అవతల చివరి రౌండబౌట్ దాటగానే టైటస్ కారు పక్కకి తీసి ఆపుతాడు. ఇందుమతి దిగుతుంది. బానెట్ మీది ఎల్ బోర్డు పీకుతుంది, వెనక్కి వెళ్ళి డిక్కీ తలుపు మీది బోర్డు కూడా పీకుతుంది. రెండూ అయస్కాంతంతో అతుక్కునేవి కాబట్టి చప్పున ఊడి వస్తాయి. వాటిని డిక్కీలో బిర్యానీ గిన్నె కింద దాచి, వచ్చి మళ్ళీ తన సీట్లో కూర్చుంటుంది. మొత్తం నలభై సెకన్ల పని. వానైనా, వడగళ్ళైనా, ఒంటి మీద పట్టుచీర ఉన్నా తప్పదు. తిరుగు ప్రయాణంలో అదే చోట దిగి మళ్ళీ తగిలిస్తుంది. ఐర్లండ్‌లో లెర్నర్ పర్మిట్ మీద కారు నడిపేవాళ్ళు ముందూ వెనకా ఎర్ర ఎల్ పెట్టుకోవాలి, పక్కన పూర్తి లైసెన్స్ ఉన్న మనిషిని కూర్చోబెట్టుకోవాలి. టైటస్‌కి ఆ మనిషి కావాలి గానీ ఆ అక్షరం అక్కర్లేదు. కనీసం తెలుగు సహవాసం వాళ్ళు ఆరాధనకి అద్దెకి తీసుకున్న స్కూలు గేటు లోపల అక్కర్లేదు. మూడేళ్ళుగా ఇదే వరస.

ఇందుమతికి లైసెన్స్ వచ్చి ఎనిమిదేళ్ళు. నర్సింగ్ హోమ్‌లో కేరర్ ఉద్యోగానికి బస్సులు లేని వేళల్లో వెళ్ళాలి కాబట్టి నేర్చుకుంది, మొదటిసారికే పాసయింది. "ఆడవాళ్ళని చూసీచూడకుండా వదిలేస్తార్లే," అన్నాడు టైటస్ ఆ రోజు, కూరలో ఉప్పు తగ్గిందని చెప్పే గొంతుతోనే. తను మాత్రం అయిదుసార్లు తప్పాడు. ఒకసారి రౌండబౌట్ దగ్గర దెబ్బ తిన్నాడు, ఒకసారి అద్దంలోకి చూడలేదు, ఒకసారి టెస్టర్‌కి మనవాళ్ళంటే పడలేదు. మిగతా రెండింటి సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తకూడదు. సహవాసంలో మాత్రం భార్యకి డ్రైవింగ్ నేర్పింది తనే అని చెప్పుకున్నాడు. నరసరావుపేట నుంచి అత్తగారు వీడియో కాల్‌లో అననే అంది: "మొగుణ్ణి పక్కన కూచోబెట్టుకుని పెళ్ళాం కారు తోలడమేందమ్మా? నలుగురూ చూస్తే ఏమనుకుంటారు?" ఆ నలుగురూ కనిపించేది వారానికి ఒక్క చోటే కాబట్టి ఆ ఒక్క చోటా జాగ్రత్త పడుతున్నారు. మిగతా వారమంతా పన్నెండేళ్ళ ఫెబిని స్కూలుకి, ఈతకి, టైటస్‌ని గోడౌన్ షిఫ్టుకి దింపేది ఇందుమతే. అక్కడ చూసేవాళ్ళు ఐరిష్ వాళ్ళు, వాళ్ళు ఏమనుకున్నా అత్తగారికి అభ్యంతరం లేదు.

సహవాసంలో ఒక పద్ధతి ఉంది. ఎవరి ప్రార్థన విన్నపాలు వాళ్ళు చీటీల మీద రాసి బుట్టలో వేస్తారు. సంఘపెద్ద రత్నకుమార్ ఒక్కొక్కటే తీసి మైకులో చదువుతాడు, అందరూ కళ్ళు మూసుకుని ఆమేన్ అంటారు. ఎత్తిన చీటీ పూర్తిగా చదవకుండా కింద పెట్టకూడదని ఆయన నియమం. ఇందుమతి ఇంటి తరఫున రాసేది టైటస్. పోయిన క్రిస్మస్ ముందు ఒక ఆదివారం "నా భార్య ఇందుమతికి సహనమును, విధేయతగల మనసును దయచేయులాగున" అని రాశాడు. దానికి కారణం గారెలు. పన్నెండు గంటల డ్యూటీ చేసి వచ్చిన మనిషి, ఆయన స్నేహితుల కోసం పప్పు నానబోయనంది. మైకులో తన పేరు వినిపించాక అరవై మంది ఆమేన్ అన్నారు. అలవాటు కొద్దీ ఆమె నోట్లోంచి కూడా వచ్చేసింది. తన నోటి నుంచి వచ్చిన ఆ ఆమేన్ తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండిపోతుంది. "నీ మంచికేగా రాసింది," అన్నాడు ఇంటికొచ్చేటప్పుడు. తరవాత చాలా వారాలు ఆడవాళ్ళు చెయ్యి పట్టుకుని, "ఇప్పుడెలా ఉందమ్మా కోపం?" అని బీపీ అడిగినట్టు అడిగేవారు.

జూన్‌లో రత్నకుమార్ ప్రకటన చేశాడు. ఆగస్టు బ్యాంక్ హాలిడేకి లెటర్‌కెన్నీలో ఐర్లండ్‌లోని తెలుగు సహవాసాలన్నిటి కన్వెన్షన్. స్పీకర్లు, మైకులు, కీబోర్డు, మడత కుర్చీలు నేవన్ వాళ్ళే తేవాలి. సంఘానికి చిన్న ట్రైలర్ ఉంది గానీ దాన్ని లాగే కుటుంబం కార్క్ వెళ్ళిపోయింది. టైటస్ చెయ్యెత్తాడు. "మాది పొడుగు డిక్కీ ఉన్న ఎస్టేట్ కారేగదన్నా, వెనక టోబార్ కొక్కెం వేయిస్తా. ట్రైలర్ నేను లాక్కొస్తా." హాలంతా స్తోత్రం అంది. వెనక వరసలో టీ పోస్తున్న ఇందుమతి ఒక కప్పు పొంగిపోయేదాకా పోసింది.

"లెర్నర్ పర్మిట్ మీద ట్రైలర్ లాగకూడదండీ," అంది కారెక్కాక.

"నాకు తెలవదా? ఆ టోబారేదో నువ్వు చూసిపెట్టు. మిగతాది నే చూసుకుంటా."

"డాడ్, దట్స్ ఆక్చువల్లీ ఇల్లీగల్, లైక్," అంది వెనక సీట్లోంచి ఫెబి.

"నువ్వు ఫోన్ చూసుకో తల్లీ," అన్నాడు టైటస్.

చూసిపెట్టు అనే మాట ఇందుమతికి కొత్త కాదు. కారు ఇన్సూరెన్స్ ఆమే చూసిపెడుతుంది, టైర్లు ఆమే చూసిపెడుతుంది, ఆయన టెస్టు తేదీలు కూడా ఆమే చూసి బుక్ చేస్తుంది. నర్సింగ్ హోమ్‌లో భోజనం బ్రేకుల్లో కారు పుస్తకం ముందేసుకుని కూర్చుంది. ఆ కారు ఎంత బరువు లాగగలదో, బ్రేకులు లేని ట్రైలరైతే ఎంతో, కొక్కెం మీద ఎంత బరువు మోపవచ్చో చదివింది. సంఘం ట్రైలర్ మీద బరువు రాసి ఉన్న రేకు బిళ్ళ చూసి, కుర్చీలన్నీ వేసినా తన మామూలు లైసెన్స్ సరిపోతుందని తేల్చుకుంది. ఆ కారు మోడల్‌కి ఆమోదం ఉన్న టోబారే వేయించాలని తెలుసుకుంది. ఇంతవరకూ లెక్క తేలింది. ఇక తేలాల్సింది ఒక్కటే, రెండు రకాల్లో ఏది? ఒకటి కారుకి బిగించేస్తే శాశ్వతంగా ఉండిపోయేది, బంపర్ కింద ఇనప గుండు ఎప్పుడూ బయటికి కనిపిస్తుంది. రెండోది అవసరమైనప్పుడు తగిలించుకుని, పని అయ్యాక ఊడదీసి దాచుకునేది.

"ఊడేదే వేయించు," అన్నాడు టైటస్ ఫోన్‌లోంచి తలెత్తకుండా. "రోజూ ఆ గుండు బయటికి కనపడతా ఉంటే ఏం బాగుంటది? కావాల్సినప్పుడు పెట్టుకుంటాం, లేనప్పుడు తీసి డిక్కీలో పడేస్తాం."

పెట్టుకుంటాం, తీస్తాం. ఆ మాటల్లోని "మనం" ఎవరో ఇందుమతికి బాగా తెలుసు.

టోబార్లు బిగించే షెడ్డు ఊరి బయట పొలాల మధ్య ఉంది. యజమాని నోయెల్ అరవై దాటిన మనిషి. ఇక్కడి వాళ్ళు ఇంటాయన్ని "హిమ్‌సెల్ఫ్" అంటారు. నోయెల్ కూడా అలాగే, ట్రైలర్ లాగేది హిమ్‌సెల్ఫేనా అని అడిగాడు. కాదు, నేనే అంది. అంటున్నప్పుడు గానీ ఆ సంగతి ఆమెకి తెలియలేదు. ఆయన అదేమంత విశేషం కాదన్నట్టు "గ్రాండ్" అని, ఊడదీసే రకం ఎలా వాడాలో చూపించాడు. బంపర్ కింద వంగి, గూట్లోకి టక్కుమనేదాకా నెట్టి, పచ్చ గుర్తు కనపడిందో లేదో చూసి, తాళం వేయాలి. తీశాక తుడిచి గ్రీజు రాయాలి, లేకపోతే వానకి పట్టేస్తుంది. తాళంచెవి పోకుండా చూసుకోవాలి. "ఇదంతా ఎవరు చేస్తారు మీ ఇంట్లో?" అని మామూలుగానే అడిగాడు. ఆమెకి రౌండబౌట్, వాన, నలిగిన పట్టుచీర కుచ్చిళ్ళు కళ్ళ ముందు కనిపించాయి. ఈ కారుకి తగిలించి ఊడదీసేవి ఇప్పటికే చాలనుకుంది. ఊడనిది వేయమంది.

రెండు గంటలు పట్టింది. నోయెల్ బంపర్ విప్పి, వెనక ఉక్కు దూలం బోల్టులతో బిగించి, ట్రైలర్ లైట్లకి వైర్లు లాగాడు. ఇందుమతి తిరగేసిన డబ్బా మీద కూర్చుని ఆయనిచ్చిన టీ తాగింది. ఆ రెండు గంటల్లో ఎవరూ ఆమెని ఏదీ ఎక్కడుందని అడగలేదు. అలా కూర్చుని ఎన్నాళ్ళయిందో గుర్తు తెచ్చుకోబోయి మానేసింది. పనయ్యాక నోయెల్ తన పాత ట్రైలర్ తగిలించి, వెనక్కి నడిపి చూడమన్నాడు. స్టీరింగ్‌ని అడుగున పట్టుకోమన్నాడు, ట్రైలర్ ఎటు పోవాలో చెయ్యి అటు జరపమన్నాడు. మొదటిసారి అడ్డంగా మడత పడింది. రెండోసారీ అంతే. అయిదోసారి కంచె పక్కన తిన్నగా వెళ్ళి ఆగింది. ఆమెకి సంతోషంతో గట్టిగా కేక వేయాలనిపించింది గానీ "థ్యాంక్యూ" అని ఊరుకుంది.

ఇంటికి వచ్చాక టైటస్ చుట్టూ తిరిగి చూస్తూ గుండుకి మోకాలికింద ఎముక కొట్టుకున్నాడు. "ఊడేదని చెప్పానా లేదా?"

"చెప్పారు. ఇది బాగుందనిపించింది."

ఆయన కాలు రుద్దుకుంటూ అసలు సంగతి చెప్పాడు. "లెటర్‌కెన్నీకి దగ్గర్లో పెట్రోల్ బంకు ఉందంట. అక్కడిదాకా నువ్వు తోలు. అక్కణ్ణించి నే తీసుకుంటా. పది నిమిషాలేగా."

అంటే దారంతా ఆమె నడపాలి. మధ్యలో చాలా దూరం బ్రిటన్ పాలన కింద ఉన్న నార్త్‌లోంచి పోవాలి, అక్కడ ఆయన పర్మిట్ అసలు చెల్లదు. చివరికి ఊరు రాగానే దిగి పక్క సీట్లోకి మారాలి, ఆయన ట్రైలర్‌తో గేట్లోకి ప్రవేశించాలి. ట్రైలర్‌ని ఒక్కసారి కూడా లాగని మనిషి చేతిలో కారు, వెనక సీట్లో కూతురు. ఏమన్నా అయితే గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, ముందు ఆయన్ని అడుగుతారు, తరవాత పక్కన కూర్చుని ఒప్పుకున్న తనని. నలభై సెకన్ల పని పది నిమిషాలకి పెరిగింది. పెరగనిచ్చింది తనేనని కూడా ఆమెకి తెలుసు, ఆ తెలియడమే ఎక్కువ బాధగా ఉంది. "చూద్దాం," అంది. ఇన్నేళ్ళూ ఆమె చూద్దాం అంటే సరే అనే అర్థం. టైటస్ అలాగే తీసుకున్నాడు.

కన్వెన్షన్‌కి బయల్దేరిన శనివారం దారంతా సన్నటి జల్లు. ట్రైలర్ బుద్ధిగా వెంట వచ్చింది. బంకు దగ్గర ఆమె కారు ఆపగానే టైటస్ దిగి, చొక్కా సవరించుకుని, ఆమె వైపు తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఇందుమతి అద్దం దింపింది.

"నేను దిగనండీ. ఎక్కండి, తడిసిపోతున్నారు."

"ఇప్పుడేంది ఇది? అందరూ బయటే నుంచుని ఉంటారు!"

"ఉంటే ఉండనీండి. వెనక పిల్ల ఉంది."

ఆయన తలుపు పిడి మీంచి చెయ్యి తీయలేదు. వెనక ఒక ట్రాక్టర్ అతను మర్యాదగా ఒక్కసారి హారన్ కొట్టాడు. టైటస్ చుట్టూ తిరిగి వచ్చి ఎక్కి, తలుపు గట్టిగా వేశాడు. ఫెబి ఇయర్‌ఫోన్లు తీసేసి ఇద్దర్నీ చూసింది.

హాలు ముందు నిజంగానే అందరూ ఉన్నారు. రత్నకుమార్ చేతులు ఊపుతూ ఎదురొచ్చాడు. "అదేంటి బ్రదర్, మీరు తోలలేదా?"

"ఆమెకి ప్రాక్టీస్ అవుద్దని ఇచ్చానన్నా," అన్నాడు టైటస్ నవ్వుతూ.

"ఓపికున్న మనిషివయ్యా! అమ్మా, దిగు, బ్రదర్ వెనక్కి పెడతాడు."

టైటస్ దిగాడు గానీ స్టీరింగ్ వైపు రాలేదు. ఇందుమతి చెయ్యి స్టీరింగ్ అడుగున పెట్టి, రెండు కార్ల మధ్య నుంచి ట్రైలర్‌ని హాలు తలుపు దాకా ఒక్క ఊపులో వెనక్కి నెట్టింది. మెట్ల మీది వాళ్ళు చప్పట్లు కొట్టారు. రత్నకుమార్ వెళ్ళి టైటస్ భుజం తట్టాడు. "బాగా నేర్పించావ్!"

అదే సమయంలో పక్కన ఇంకో కారు ఆగింది. ఒకతను తాళాలు వేలికి తిప్పుకుంటూ డ్రైవర్ సీట్లోంచి దిగాడు. అవతలి నుంచి దిగిన అమ్మాయి తడిసిన కొంగు పిండుకుంటోంది. చెర్రీవుడ్ నుంచి వచ్చారట, పేరు అబిగేయిల్ అని చెప్పింది. ఆ అమ్మాయి, ఇందుమతి కలిసి కుర్చీలు మోశారు.

మధ్యాహ్నం కూటంలో ఆ అమ్మాయే ఇందుమతి పక్కన కూర్చుంది. చీటీల బుట్ట వరసల మధ్య తిరుగుతోంది. టైటస్ ముందు వరసలో పెద్దల పక్కన ఉన్నాడు. ఇందుమతి బుట్టలోంచి ఖాళీ చీటీ తీసుకుంది. ఇన్నేళ్ళలో తన చేత్తో రాయడం ఇదే మొదటిసారి. కోపంతో రాస్తున్నానా అని ఒక్క నిమిషం ఆగి చూసుకుంది. కోపం ఉంది. కానీ రాసిందంతా నిజం, అడిగింది కూడా నిజంగా తనకి కావలసిందే. మడిచి బుట్టలో వేసింది.

జ్వరాలు, వీసాలు, ఇళ్ళ అద్దెలు అయ్యాక రత్నకుమార్ ఆ చీటీ తీశాడు. ఆమె దారి పొడుగునా లాగి తెచ్చిన స్పీకర్లు రెండొందల మందికీ ఒక్క అక్షరం పోకుండా వినిపించాయి.

"సహోదరుడు టైటస్ గారికి సెప్టెంబరు పదహారున ఆరోసారి డ్రైవింగ్ టెస్టు ఉంది. ఇప్పటికి అయిదుసార్లు…" ఆయన గొంతు తడబడింది. కానీ నియమం ఆయనదే. "…అయిదుసార్లు తప్పారు. ఆయన పాసయ్యేలాగున, అంతవరకు ఆరాధనకు వచ్చేటప్పుడు ఎల్ బోర్డులు తీయించకుండా నడిపే ధైర్యము ఇచ్చులాగున ప్రార్థించండి. భార్య ఇందుమతి."

హాలంతా అలవాటు కొద్దీ ఆమేన్ అంది. ముందు వరసలో టైటస్ వంచిన తల ఎత్తలేదు. ఇందుమతి కళ్ళు తెరిచే ఉంచింది. ఈసారి ఆమేన్ తను కావాలని అంది.

పక్కన అబిగేయిల్ మోచేతితో మెల్లగా తాకింది. ప్రార్థనలో ఉన్నట్టు కళ్ళు మూసుకునే, పెదవులు కదిలీ కదలకుండా గొణిగింది.

"మేం లువాస్ ట్రామ్ స్టాపు దగ్గర తీస్తామక్కా బోర్డులు."