ఊ కొట్టే మనిషి

గోపమ్మ నేలక్లాసులో పల్లీల పొట్టు ఊడుస్తూ తెరకు వీపు తిప్పుకునే ఉంది. ఖాళీ తెరన్నా ఆమెకు బెదురే. సూర్యాపేటలో ఆ సినిమాహాలు కట్టినప్పటి నుంచీ అక్కడే ఊడుస్తున్నది గాని, ఈ వారం ఆడుతున్న దయ్యాల బొమ్మ మొదలుకాగానే బయటికొచ్చి సోడాబండి పక్కన చెవులు మూసుకుని కూర్చుంటున్నది. యాభై దాటిన మనిషి. అరిగి నున్నబడ్డ అరచేతులు, మెడ నిండా చెమటకాయలు. తాడును చూసి పామనుకునే రకం.

ఆ భయం ఆమెకు అన్న కాటయ్య పెట్టింది. చిన్నప్పుడు గరిడేపల్లిలో కల్లం కాడ వడ్లకు కావలి పడుకుని, కొరివిదయ్యం కథలు చెప్పేవాడు. పొలంగట్ల మీద నిప్పు పట్టుకుని తిరిగే దయ్యం అది. చెల్లెలు గడ్డిలో ముడుచుకుని, పళ్లు టకటకలాడుతున్నా ఊ కొట్టేది. ఊ ఆగితే కాటయ్య కథ ఆపేవాడు. ఆమెకేమో భయమూ కావాలి, కథా కావాలి. దాని మొహం ఎట్లా ఉంటుందని అడిగితే మాత్రం, "సూసినోడు తిరిగొస్తే గద చెప్పేది" అనేవాడు.

ఊళ్లలో అందరూ చెప్పుకునే ఆ కథలనే ఇప్పుడెవరో సినిమా తీశారు. మిర్యాలగూడలో, కోదాడలో ఆడి ఇక్కడికొచ్చింది. కాటయ్య చూద్దామన్నా లేవలేడు. వానలు పడ్డప్పటి నుంచీ మంచంలోనే ఉన్నాడు. దవాఖాన వాళ్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. అతనికి పెళ్లాం లేదు, ఈమెకు మొగుడు లేడు. ఒంటిగది ఇంట్లో ఒకరికొకరు మిగిలారు. ఈ పొద్దున గంజి తాగిస్తుంటే అతడు చెల్లెలి చెయ్యి పట్టుకున్నాడు.

"ఇయ్యాల లోపలికి పోయి సూడు చెల్లె. దాని మొకం సూపిచ్చిన్రో లేదో వచ్చి చెప్పు. ఈసారి నేను ఊ కొడత."

"నాతోని కాదన్నా. పానం పోతది."

"నీదెందుకు పోతది" అని నవ్వి, తలకింది నుంచి మొన విరిగిన కొడవలి తీసిచ్చాడు. రోగిష్ఠి తలకింద ఇనుముంటే చెడుగాలి దగ్గరికి రాదని దాన్నక్కడ పెట్టింది గోపమ్మే. "ఇది నడుముల చెక్కుకో. ఏదీ నీ దిక్కు రాదు."

మ్యాట్నీకి గేటు కాడ టికెట్లు చింపే జైరాం ఆమె నడుము చూసి, "సినిమా సూడనీకా, గడ్డి కొయ్యనీకా గోపమ్మా" అన్నాడు. ఆమెకు నవ్వు రాలేదు. వెనకగోడకు ఆనుకుని, కొడవలి పిడి గట్టిగా పట్టుకుని చూసింది. దయ్యం మొహం రానే వచ్చింది. పైన పటారం లోన లొటారం. జాతరలో వేషగాళ్లే నయం. కానీ హాలు నిండా అంత జనంలో ఒక్కరూ ఊ కొట్టడం లేదు. ఎవరూ ఊ అనకున్నా కథ తన పాటికి తాను నడిచిపోతూనే ఉంది. అది చూసి గోపమ్మకు గుండె జారింది. ఆట వదిలేసరికి రవిక తడిసి ముద్దయింది.

దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరి, అట్లాగే మంచం పక్కన కూర్చుంది.

"సూపిచ్చిన్రా?"

"సూపిచ్చిన్రు. పౌడర్ కొట్టుకున్నదన్నా. మన దానంత లేదు."

కాటయ్య మొహం వెలిగింది. "నాకెరుకే. మొదటి సంది చెప్పు."

చెప్పసాగింది. సినిమా కథ చెబుతూ చెబుతూ తనకు తెలియకుండానే కల్లం కాడి కథలోకి జారింది. గట్టు మీద నిప్పు కనపడ్డది. "ఊ." నిప్పు నడుస్తున్నది. "ఊ." నిప్పు ఆగింది, ఇటు తిరిగింది.

ఊ రాలేదు.

"నిద్రవోయినవా అన్నా?"

మొహం చూసే ధైర్యం లేక పాదం ముట్టుకుంది. చల్లగా ఉంది. ఇక ఈ ఇంట్లో తాను నోరు తెరిస్తే ఊ అనే దిక్కు లేదు. అంత భయం ఆమె పుట్టి ఎరగదు. కథ ఆపితే అన్న నిజంగానే పోయినట్టవుతుందని, గోడవైపు చూస్తూ చివరిదాకా చెప్పింది. నడుమ నడుమ ఊ తానే కొట్టుకుంది.

చెప్పడం అయ్యాక దుప్పటి కప్పడానికి వంగితే నడుము దగ్గర ఏదో ఒత్తుకుంది. తీసి చూసింది. అన్న తలకింద ఉండాల్సిన కొడవలి, ఆమె ఒంటి వేడికి ఇంకా వెచ్చగానే ఉంది.