మూడు చుక్కలు

థప్... థప్... థప్...

మిల్లు వెనక గోడకు బంతి తగులుతోంది.

నూలు పీచు కుక్కి, పైన తోలు కుట్టిన బంతి. తన్నుతున్నవాడు వీరాసామి. ఇంట్లో కూర్చుని వింటున్నది అతని భార్య చెంగమ్మ. ఆ చప్పుడు వినబడుతున్నంతసేపూ మొగుడు ఊళ్ళో ఉన్నట్టే. ఆమెకు అది చాలు.

సముద్రం అవతల యుద్ధం. మొదలై మూడేళ్ళయింది. పుదుచ్చేరిలో తుపాకి మోత ఎవరూ వినలేదు... ఓడ కూత మాత్రం విన్నారు.

నిరుడు ఎదురింటి మాడసామి ఆ ఓడెక్కాడు. మిల్లు గేటు మీద కాగితం అంటించారు. పైన ఒక ఫ్రెంచి మాట — రెజెర్వ్. కింద అతని పేరు. ముందు వరుసలో సిపాయి పడిపోతే ఆ చోటికి తోలడానికి అట్టేపెట్టుకున్న మనుషులట. తోలారు. ఆరు నెలలకు ముద్ర వేసిన కాగితం వచ్చింది. మనిషి రాలేదు.

ఆ వీధిలో చదువొచ్చిన ఆడది లేదు. అయినా ఆ ఒక్క మాటా అందరికీ వచ్చు. మారాం చేసే పిల్లల్ని దానితోనే బెదిరిస్తారు.

వీరాసామి తండ్రి ఏనాడో దొరల కాగితం మీద వేలిముద్ర వేసి ఫ్రెంచి పౌరుడయ్యాడు. అప్పుడు అదొక గొప్ప. ఇప్పుడు ఆ ఇంటి మగవాడు పిలుపొస్తే కదలాలి.

గురువారం మధ్యాహ్నం గంజి తాగడానికి వచ్చాడు వీరాసామి. మొహం వెలిగిపోతోంది.

"మే, రెజెర్వ్‌లో నా పేరు పడిండాది!"

చెంగమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది.

"దొర నా కాళ్ళు చూసినాడు. మంచి కాళ్ళన్నాడు. ముందరోళ్ళలో ఎవుడన్నా పడిపోతే నన్నే దించుతారంట. ఆయితారం కప్పలెక్కాల."

కప్పలంటే ఓడ.

యాడికి అని అడగబోయింది. ఇంతలో పనికి పిలిచే మిల్లు సంగు కూసింది. మూతి తుడుచుకుని పరుగెత్తాడు. నవ్వుతూ పరుగెత్తాడు.

నవ్వుతూ!

మాడసామి కూడా నవ్వుతూనే పోయాడు. చెంగమ్మకు బాగా గుర్తు.

భయం వేసింది. సాయంత్రం అడగవచ్చు. అడగలేదు. ఆ మాట నోట బయటికొస్తే ఓడ ఇంకాస్త దగ్గరికొస్తుందేమోనని... శుక్రవారమూ అడగలేదు. అన్నం వడ్డిస్తూ అతని కాళ్ళకేసి చూసింది. మంచి కాళ్ళు. అందుకే కదా కావాలన్నారు.

శనివారం పొద్దున చాకలి అన్నమ్మాళ్ గుడిసెకు వెళ్ళింది. బట్టల మీద గుర్తు పెట్టే నల్లజీడి గింజలు మూడు ఇమ్మంది.

"ఒంటికి తగిలితే పొక్కులెక్కి పుండయితాది, పదిలం పాపా," అంది ముసలామె. ఎందుకని మాత్రం అడగలేదు. ఆ ఏడాది జీడిగింజల కోసం వచ్చిన ఆడది చెంగమ్మ ఒక్కతే కాదేమో.

మధ్యాహ్నం అతను చాప మీద నిద్రపోతున్నాడు. ఒక గింజను సూదితో గుచ్చి నిప్పుసెగ చూపింది. నల్లటి రసం ఊరింది. కుడిపాదం మీద ఒక చుక్క. రెండు. ఇది నా చెయ్యేనా అనుకుంది. మూడు.

మూడే ఎందుకు పెట్టిందో ఆమె ఆలోచించలేదు. కంటికి అలవాటైన లెక్క.

ఆదివారం తెల్లారేసరికి పాదం బూరెలా పొంగింది. నీటి పొక్కులు. నేల మీద ఆనించలేకపోయాడు.

పొద్దెక్కాక మిల్లు మేస్త్రి శ్రీనివాసన్ వచ్చాడు. చేతిలో మడతపెట్టిన నీలం చొక్కా.

"యానాం పోయే కప్పలు మద్దేనానికే. ఏంది వీరాసామీ, ఈ కాలేంది? ఫ్రెంచి దొరల ఐదూళ్ళ రెండో జట్లకి బంతాట పందెం పెట్టిందే ఈ ఏడు. మూడేండ్లుగా కాసుకోనుంటివే!"

రెండో జట్టు.

బంతాట రెజెర్వ్.

మొదటి జట్టులో ఎవడైనా కాలు బెణికి పడిపోతే దిగే ఆటగాడు. అంతే... మూడేళ్ళు ఆ గోడ చప్పుడు విన్నది. ఎందుకు తన్నుతున్నావని ఒక్కనాడూ అడగలేదు.

మేస్త్రి చొక్కా తీసుకుని వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం ఓడ కూసింది. వీరాసామి గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఏడ్చాడేమో. చెంగమ్మ తొంగిచూడలేదు. చెబుదామని రోజూ నోరు తెరిచింది, రోజూ మూసుకుంది. ఓడంటే భయం పోయింది. మొగుడంటే భయం పట్టుకుంది.

పొక్కులు ఎండాయి. తోలు ఊడింది. నల్లమచ్చలు మాత్రం ఉండిపోయాయి. జీడిగుర్తు ఎన్ని ఉతుకులకు పోతుంది?

నెల తిరిగింది. గేటు మీద మళ్ళీ కాగితం అంటించారని పక్కింటావిడ చెప్పింది. పైన అదే మాటట. వీరాసామి పేరుందట. బంతాటదా, దండుదా... ఆమెకు తెలియదు.

వీరాసామి కాలు చాపి మచ్చలు చూసుకున్నాడు. ఒకటి, రెండు, మూడు. తర్వాత తీగ మీద ఆరేసిన తన పంచె అంచు చేతిలోకి తీసుకున్నాడు. అక్కడా మూడు చుక్కలే. ఈ ఇంటి బట్టలకు చాకలి పెట్టిన గుర్తు.

తర్వాత చెంగమ్మను చూశాడు.

"ఈ తూరి నన్నడిగి పెట్టు," అన్నాడు.

కోపమో, బతిమాలటమో ఆమెకు అంతుపట్టలేదు. కాగితం చదివించుకు వస్తానని, బంతి చంకన పెట్టుకుని కుంటుతూ వెళ్ళాడు. కొంగుముడిలో ఇంకా రెండు గింజలున్నాయి. ముడిని గట్టిగా పట్టుకుని గుమ్మంలో కూర్చుంది.

థప్...

చాలాసేపు ఏమీ లేదు.

థప్...