పచ్చ బటన్ మీద ముడి

వలస నేతగాళ్ల మరమగ్గాల పేట కనేరిలో కరెంటు రోజుకు పదిసార్లు పోతుంది, వస్తుంది. పోయినప్పుడల్లా మరమగ్గం స్టార్టర్ తనంతట తానే ఆఫ్ అయిపోవాలి. కరెంటు తిరిగొచ్చినా, మనిషి పచ్చ బటన్ నొక్కితేనే మోటారు తిరగాలి. మగ్గంలో చెయ్యి ఉన్నవాడి కోసం పెట్టిన ఏర్పాటది. కానీ మీటరు లెక్కన కూలి తీసుకుంటూ ఒక్కడే ఆరు మగ్గాలు చూసేవాడికి, పదేసిసార్లు ఆరు బటన్లు నొక్కే తీరిక ఎక్కడిది? అందుకే బటన్‌ను లోపలికి నొక్కి, పైన విరిగిన కండె ముక్క పెట్టి నూలుతో బిగించి కట్టేస్తారు.

విఠల్ సేఠ్ కార్ఖానాలో ఆ ముడి నేర్పింది వైర్‌మెన్ ఏసుదాసే. నొక్కిన బటన్ నిలవడం లేదని పనివాళ్లంటే, స్టార్టర్ లోపలి అరిగిన కాంటాక్టులు మార్చాలి. ఆ పని మాని ముడి వేసి చేతులు దులుపుకున్నాడు.

మంగళవారం మధ్యాహ్నం కరెంటు పోయింది. అక్కడ మగ్గాలు నడిపే లస్మయ్య తెగిన పోగు అతకడానికి చెయ్యి లోపల పెట్టాడు. కరెంటు వచ్చింది. రెండు వేళ్లు పోయాయి.

సాయంత్రం సేఠ్ ఏసుదాసును పిలిచాడు.

"పొద్దుగాల తనిఖీ సాబ్ వస్తుండు. స్టార్టర్లన్ని సాఫ్ చెయ్."

"కట్టింది నేనే గద సేఠ్..."

"గందుకే నువ్వే ఇప్పు. బాగుచేసుడు గూడ పాపమేనా?"

కాదనిపించింది ఏసుదాసుకు. ఇరవై నాలుగు ముడులూ కోశాడు. కాంటాక్టుల మసి గీకాడు, అరిగినవి మార్చాడు, కొత్త స్ప్రింగులు వేశాడు.

"ఏందే దాసన్నా, స్టార్టర్లకు పెండ్లి జేస్తున్నవా?" అని మగ్గాల దగ్గరి కిషన్ ఎకసెక్కమాడాడు. ఏసుదాసు ఇంకో స్ప్రింగు బిగించాడు. తప్పు దిద్దుకుంటున్నాననుకున్నాడు, పిచ్చిమాలోకం!

పొద్దున సాబ్ వచ్చి మెయిన్ ఆపాడు, మళ్లీ వేశాడు. బటన్ నొక్కకుండా ఒక్క మగ్గమూ కదల్లేదు.

"స్విచ్ ఠీక్ హై. గల్తీ కామ్‌గార్ కీ," అంటూ కాగితం తీశాడు. పనివాడి తప్పని రాస్తే లస్మయ్యకు పరిహారమూ లేదు, పనీ లేదు.

ఏసుదాసుకు అప్పుడు తెలిసొచ్చింది, తాను తుడిచేసిందేమిటో. నిన్నటిదాకా బటన్లన్నీ కట్టే ఉన్నాయని, కట్టింది తానేనని హిందీలో గట్టిగా చెప్పాడు.

"ధాగా కిధర్ హై?" అంటూ కట్టిన నూలు చూపించమన్నాడు సాబ్.

ఆ నూలును చెత్తబండి తెల్లారకముందే ఎత్తుకుపోయింది. సాబ్ రాసేశాడు.

ఏసుదాసు నేరుగా దవాఖానాకు పోయి, జరిగిందంతా లస్మయ్యకు చెప్పాడు.

"కట్టుమన్నది మేమే గద అన్నా. నిన్నేమంటం?"

"కట్టినందుకు గాదు తమ్మీ. ఇప్పినందుకు."

మంచం పక్కన నిలబడ్డ సత్తెమ్మ మొగుడి ముఖం చూసింది, తర్వాత ఏసుదాసును చూసింది.

"ఇప్పేముందు ఒక్క ఫొటో అన్న దియ్యకపోతివా?"

ఏసుదాసు జేబులోని ఫోను తడుముకున్నాడు. ఫోను లైటు వేసుకునే ముడులన్నీ కోశాడు. ఫొటో తీయాలని తట్టనే లేదు.

లస్మయ్య కట్టు కట్టిన చేతిని పొట్టమీద పెట్టుకుని గోడవైపు తిరిగాడు.