రెండో గొంతు

మా విద్యార్థులు నాకు పెట్టిన పేరు సైరన్. ఆ సంగతి నాకు తెలియదనుకుంటారు. ముప్పై ఏళ్లు టీవీ స్టూడియోల్లో లైవ్ కార్యక్రమాలు నడిపినదాన్ని, గొంతు పెద్దదే. "ఇంట్లో కూడా కౌంట్‌డౌన్ చెప్పి అన్నం వడ్డిస్తుంది" అని మా ఆయన చుట్టాలందరి దగ్గరా వాపోతాడు. వాపోనీ, అన్నం వేళకు పడుతోందిగా.

ఇప్పుడు కాలేజీలో అదే పని నేర్పుతున్నాను. మొదటి రోజే ఒక నియమం చెబుతాను. కంట్రోల్ రూమ్‌లో ఒకే గొంతు వినిపించాలి, అది డైరెక్టర్‌ది. రెండో గొంతు లేస్తే, అది ఎవరిదైనా సరే, బయటికి పంపేయాలి.

ఈ ఏడాది నాకు బాగా నచ్చిన పిల్లను తోటివాళ్లు మ్యూట్ అంటారు. ఏ షాట్ ఎప్పుడు పడాలో ఆమెకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. కానీ నోరు విప్పితే పక్కవాడికే వినపడదు. నోరున్నవాడిదే రాజ్యమైన చోట ఎలా నెగ్గుకొస్తుందోనని నా బెంగ. ఒకప్పుడు నా దగ్గర అసిస్టెంట్‌గా తిట్లు తిన్నవాడు ఇప్పుడు ఒక ఛానల్లో పెద్ద. అతని దగ్గర ఒక్క ఉద్యోగం ఖాళీ ఉందంటే ఈ పిల్ల పేరే చెప్పాను. "పని బంగారం. గొంతే చిన్నది" అని కూడా చెప్పాను.

"అయితే లైవ్ చేస్తుంటే చూసి తేలుస్తాను మేడమ్" అన్నాడు.

ఆ రోజు వచ్చింది. అతను ఇంకా రాలేదు. కాలేజీ ఛానల్లో కార్యక్రమం మొదలైపోయింది. మ్యూట్ డైరెక్టర్ కుర్చీలో ఉంది. ఆమె కెమెరా నంబరు చెబితే పక్కనున్న బొద్దబ్బాయి ఆ బటన్ నొక్కుతాడు. నేను వెనక గోడకు ఆనుకుని చేతులు కట్టుకున్నాను. నోరు కూడా కట్టుకోవాల్సింది.

అతిథి ఈ మధ్యే రిటైరైన అంబులెన్స్ డ్రైవరమ్మ. "మీకు మర్చిపోలేని ట్రిప్ ఏది?" అని యాంకర్ అడిగింది. ఆవిడ మాట్లాడలేదు. మ్యూట్ ఆవిడ ముఖాన్ని అలాగే తెర మీద ఉంచింది. మా రోజుల్లో తెర మీద మౌనమంటే మా ప్రాణం పోయినట్టే. పుట్టుకతో వచ్చిన బుద్ధి ఊరుకుంటుందా?

"రెండు" అన్నాను.

బొద్దబ్బాయి నా గొంతుకే రెండో బటన్ నొక్కేశాడు. రెండో కెమెరా అప్పుడే చోటు మారుతోంది. తెర నిండా కెమెరామన్ చెప్పులు కనిపించాయి.

"ఒకటి" అంది మ్యూట్. ముఖం తిరిగొచ్చింది. తర్వాత ఆమె వెనక్కి తిరగకుండానే, "మేడమ్, బయటికెళ్లండి" అంది.

ఏ మేడమా అని పక్కకి చూశాను. ఆ గదిలో ఇంకో మేడమ్ లేదు.

వరండాలో ఒక టీవీ ఉంది, దానికి శబ్దం లేదు. డ్రైవరమ్మ ముఖం ఇంకా తెర మీదే ఉంది. నేనైతే ఎప్పుడో కట్ చేసేదాన్ని. కాసేపటికి ఆవిడ కళ్లు తుడుచుకుని మాట్లాడటం మొదలుపెట్టింది. ఏమంటోందో వినపడక నాకు ఒళ్లు మండిపోయింది. లోపల సంతోషంగానూ ఉంది.

అప్పుడే మెట్లెక్కి వచ్చాడు మా పాత అసిస్టెంట్. "ఇక్కడున్నారేంటి మేడమ్?"

"గెంటేసింది."

"ఎవరు?"

"నువ్వు చూడ్డానికొచ్చిన పిల్లే. మధ్యలో నోరు పెట్టాను."

అతను టీవీ వంక చూశాడు, నా వంక చూశాడు. "ఆరేళ్లు మీ దగ్గర చేశాను. మిమ్మల్ని బయటికి పొమ్మనాలని రోజూ అనుకునేవాణ్ని." తర్వాత అడిగాడు, "గొంతు చిన్నదన్నారుగా?"

"నాకు వినపడింది."

"అయితే చాలు. సోమవారం రమ్మనండి."

కార్యక్రమం అయ్యాక మ్యూట్ బయటికొచ్చింది. "సారీ మేడమ్..."

"సారీ సంగతి తర్వాత. సోమవారం నుంచి ఈయన దగ్గర నీకు ఉద్యోగం. ముందు ఇది చెప్పు, ఆ డ్రైవరమ్మ ఏమంది?"

ఆమె చెప్పడం మొదలుపెట్టింది, ఎప్పటిలాగే పెదవులు దాటని గొంతుతో. గట్టిగా చెప్పమనలేదు. నేనే దగ్గరికి జరిగి, తల వంచి విన్నాను.