పెట్టెలో హోరు

"హోరు వినబడతా ఉందా?"

ఆ ఏడాది వానలు పడినన్నాళ్ళూ మా ఆయన నోట ఇదొక్కటే మాట. అన్నం పెడితే హోరు, నీళ్ళు తోడితే హోరు. చెవులకు తగిలించుకునే నల్ల చిప్పలు తెచ్చి నా తలకు తొడిగి, నా మొహంలోకి గుచ్చి గుచ్చి చూసేవాడు. పొయ్యి మీద చేపల పులుసు అడుగంటుతుంటే నేను ఏం వినను, ఏం చెప్పను? "ఆఁ, వినబడతా ఉందిలే, పోవయ్యా మహానుభావా!" అని చిప్పలు పీకి ఆయన చేతిలో పెట్టేదాన్ని.

మా ఆయన పేరు జీవానందం. హార్మోనియంలు బాగుచేసి శ్రుతి చేస్తాడు. తడ నుంచి కావలి దాకా ఏ చర్చిలో హార్మోనియం మూలిగినా ఆయనకే కబురు. ఆయన చెవి మీదే మా పొయ్యి వెలిగేది. ఆదివారాలు మాత్రం మా మైపాడు చర్చి పాటల బృందంలో పెద్ద ఫిడేలు వాయిస్తాడు. వెనకటికి ఎవరో దొరసాని వదిలి వెళ్ళింది. మనిషి కంటే ఎత్తు, గొంతేమో బావిలోంచి వచ్చినట్టుంటుంది. గదిలో నిలబడి వింటే గుమ్మని కాళ్ళ కింద నేల అదురుతుందే గాని, ఏ స్వరమో తేల్చి చెప్పలేం.

గొడవంతా ఆ ఫిడేలుతోనే వచ్చింది. అంతకు ముందటి క్రిస్మస్‌కి నెల్లూరులో రేడియోల దుకాణం ఉన్న హజరత్తయ్య తన టేపు రికార్డరు తెచ్చి మా పాటలు పట్టాడు. వినిపిస్తే అందరి గొంతులూ ఉన్నాయి, హార్మోనియం ఉంది, వెనక వరసలో ఎవరో దగ్గిన దగ్గు కూడా ఉంది. ఫిడేలు మాత్రం లేదు.

"నేను ఆడ నిలబడి వాయించినానా లేదా?" అన్నాడు ఇంటికి రాగానే.

"వాయించినావు. నేను చూసినా గదా."

"చూసినావు సరే, విన్నోళ్ళు ఎవురు?"

పాపం, పండగ పూట సరిగా తిననైనా లేదు. ఆ బాధ చూడలేక హజరత్తయ్యే ఉపాయం చెప్పాడు. ఫిడేలు తీగలు ఆనే చెక్కకు గ్రామఫోను పికప్పు కట్టి, అందులోంచి వచ్చే సన్నటి చప్పుడును చిన్న పెట్టెతో పెంచి, తిన్నగా టేపు రికార్డరులోకి పంపితే ఎంత లోతు స్వరమైనా పడుతుందట. పెట్టెకు కావలసిన సామాన్లూ ఇచ్చాడు, పని అయ్యేదాకా టేపు రికార్డరూ ఉంచుకోమన్నాడు.

మా ఆయన బిస్కత్తుల డబ్బాకు బెజ్జాలు కొట్టాడు. సీసం కరిగించి తీగలు అతికాడు. ఇల్లంతా పొగ. అంతా అయ్యాక చిప్పలు చెవులకు పెట్టుకుని స్విచ్చి వేసి, మొహం చిట్లించి, "హోరు," అన్నాడు.

అది కరెంటు హోరట. నేలలో ఇనప కడ్డీ పాతి డబ్బాకు తీగ కలిపితే పోతుందట. కడ్డీ చుట్టూ తడి ఆరకుండా ఉప్పునీళ్ళు పోసే పని నా నెత్తిన పడింది. పక్కింటి పోలేరయ్య, చేపల వేటకు పోయేవాడు, గోడ మీద నుంచి తొంగిచూశాడు. "ఏందక్కా, కడ్డీకి నీళ్ళు పోసి కొలుస్తా ఉండావే! పాస్టరు గారికి తెలుసునా?" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది.

కడ్డీ పాతినా హోరు పోలేదు. డబ్బాలోని గాజుబుడ్డి లాంటి వాల్వు పీకేసి, ట్రాన్సిస్టరు అని అప్పుడే కొత్తగా వస్తున్న చింతగింజంత దాన్ని పెట్టి, టార్చి బ్యాటరీలతో నడిపాడు. "ఇంక దీనికి కరెంటుతో పనే లేదు. హోరు ఎట్టా వస్తాదో చూస్తా," అన్నాడు. వచ్చింది. ఎందుకొస్తుందో ఆయనకు తెలియదు, అసలు ఏం వస్తుందో నాకు తెలియదు. దారిన పోయేవాళ్ళను కూడా ఆపి అడిగేవాడు. పోలేరయ్యనూ అడిగాడు.

"ఎందుకు వినబడదన్నా? పొద్దన్నుంచీ గట్టిగానే ఉంది. రేపు పడవ దించలేం," అన్నాడు పోలేరయ్య.

బిస్కత్తుల డబ్బాకూ పడవకూ ఏం సంబంధమో నాకు బోధపడలేదు. మా ఆయన ఆ మాటే వినిపించుకోలేదు. ఊరంతా ఔనంటుంటే ఇంకేం కావాలి? చివరికి పాస్టరు గారి భార్య ఎస్తేరమ్మ గారిని పిలిచి, ఆవిడ హార్మోనియం వాయిస్తుంటే పక్కన తాను ఫిడేలు వాయించి ఒక పాట టేపు పట్టాడు. చిప్పలు పెట్టుకుని విన్నాడు. "నా ఫిడేలు హోరులో మునిగిపోయిందే!" అని తల పట్టుకున్నాడు. మర్నాడే ఆయన డబ్బా, నేను టేపు రికార్డరు ఒళ్ళో పెట్టుకుని నెల్లూరు బస్సెక్కాం.

హజరత్తయ్య టేపును పెద్ద స్పీకరుకు కలిపి తిప్పాడు. పాట దుకాణమంతా నిండింది.

"ఇదిగో, ఇదే! వింటా ఉండావా?" అన్నాడు మా ఆయన.

"ఏం హోరన్నా? శుభ్రంగా ఉంటేనూ."

"మే, నువ్వు చెప్పు. ఇంటికాడ నీకు వినబడింది గదా!" అని నా వైపు తిరిగాడు.

ఔననబోయి ఆగి విన్నాను. ఏదో తక్కువైంది, ఏమిటో వెంటనే తట్టలేదు. మా ఇంటి దగ్గర ఎటు చెవి పెట్టినా సరుగుడు తోట అవతలినుంచి సముద్రం హోరు ఉండనే ఉంటుంది. నెల్లూరు బజారులో అది లేదు. దేవుడా! ఇన్నాళ్ళూ ఆయన అడిగింది ఒక హోరు, మేమందరం ఔనన్నది ఇంకో హోరు.

"నేను చెప్పింది సముద్రం హోరయ్యా," అన్నాను.

హజరత్తయ్య టేపు ఆపాడు. టేపు రికార్డరు తీగ గోడలోంచి ఊడబెరికాడు. డబ్బాలోంచి బ్యాటరీలు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇప్పుడు వినబడతా ఉందా అన్నా?"

"ఉంది."

అని మా ఆయన ఆ బ్యాటరీల వంక చూశాడు. కుడిచెవి మూసుకున్నాడు, తీశాడు. ఎడమచెవి మూసుకున్నాడు. మూసినా హోరు లోపలే ఉన్నట్టుంది, ఆ చెయ్యి తీయలేదు.

"మరి ఫిడేలు? మీకు ఫిడేలు వినబడిందా?"

"ప్రతి స్వరం పడిందన్నా," అన్నాడు హజరత్తయ్య, తల వంచుకుని.

"ఎట్టా ఉంది?"

హజరత్తయ్య బల్ల మీది బ్యాటరీలు సర్దుతూ కూర్చున్నాడు. నాకూ పాటల బృందంలో పాడి అలవాటైన చెవి ఉంది, నేనూ విన్నాను. హార్మోనియం ఒక దారిన పోతుంటే ఫిడేలు దానికి కొంచెం కిందగా ఇంకో దారిన పోయింది, పాట పొడుగునా. బాగుందని అంటే ఆ పూటకు సరిపోయేది. కానీ రేపు ఎక్కడో చర్చిలో హార్మోనియం విప్పి కూర్చుంటాడు గదా, పదిమందిలో! నలుగురూ నవ్వడం కంటే నేను చెప్పడమే మేలనిపించింది.

"మే, ఎట్టా ఉంది?"

"శ్రుతిలో లేదయ్యా."

"మొదటినుంచీనా?"

"మొదటినుంచీ."

ఆయన డబ్బా ఒళ్ళోకి తీసుకున్నాడు. తాను అతికిన ఒక్కో అతుకు మీదా వేలు పెట్టి చూసుకున్నాడు.

"అయితే పెట్టెలో తప్పు లేదు," అన్నాడు.

"లేదన్నా. పెట్టె బ్రహ్మాండంగా చేసినావు," అన్నాడు హజరత్తయ్య.

మా ఆయన సంతోషంగా తల ఊపాడు. నిజంగానే సంతోషం, నేను కళ్ళారా చూశాను. అది చూసి నాకు ఏడుపు ఆగింది కాదు. బజారులో జనం పోతున్నారన్న ఇంగితం కూడా లేకుండా గట్టిగా ఏడ్చాను.