పదిహేడో పాఠం

"అనసూర్యా, పదిహేడో పాఠంల నేనేం రాసిన?"

నా చేతి నిండా జొన్నపిండి. పొయ్యి మీద పెనం కాలుతోంది. నా మొగుడు రాయమల్లు తలకు నూనె రాసుకుంటూ, తాను రాసిన జవాబేమిటో నన్ను అడుగుతున్నాడు. నవ్వొచ్చింది. నవ్వితే అలుగుతాడని రొట్టె తిప్పాను.

బెల్లంపల్లిలో మా కంపెనీ క్వార్టరుకు రెండేళ్లుగా పోస్టులో బైబిలు పాఠాలు వస్తున్నాయి. కవరు మీద పేరు ఆయనది. మొదటి పాఠం ఆయనే విప్పాడు. బొగ్గుబాయి దగ్గర, గనిలోకి దిగేవాళ్లకు దీపాలిచ్చే ల్యాంపురూంలో షిఫ్టు చేసి వచ్చి, రెండో పేజీ మీదే నిద్రపోయాడు. మిగతాది నేను చదివాను, జవాబులు నేనే రాసి పంపాను. వందకు తొంభై ఎనిమిది వచ్చాయి. అప్పట్నుంచి అదే ఏర్పాటు. ఆదివారం ప్రార్థన హాలులో నా జవాబులే ఆయన ప్రసంగాలయ్యేవి. నేను వెనక చాప మీద కూర్చుని, ఎక్కడ తప్పుతాడోనని గోళ్లు కొరుక్కునేదాన్ని. మా అత్త భూమవ్వ ఇంటికొచ్చి మురిసిపోయేది. "నా కొడుక్కు దేవుడు గంత తెలివిచ్చిండు. నువ్వేంది, పొద్దుమాపు గా కాగితాలు ముందలేసుకుంటవు? గిన్నెలన్న తోముకోరాదు?"

కోపం రాలేదా అంటే, వచ్చేది. కానీ కవరు రాగానే పోయేది. నల్లా దగ్గర బిందెల వరుసలో నిలబడ్డా నా మనసు పాఠంలోనే ఉండేది. రెండు వేల ఏళ్ల కిందటి ఆడవాళ్లు నా ముందూ వెనకా బిందెలు పట్టుకుని నిలబడి, తమ సంగతులు చెప్పేవాళ్లు. క్వార్టర్స్‌లో నాతో అంత మాట్లాడినవాళ్లు ఇంకెవరూ లేరు.

ఇవాళ ఆఖరి గండం. ఇరవై నాలుగు పాఠాలూ అయ్యాయి. నోటి పరీక్షకు హైదరాబాదు నుంచి, ఈ పాఠాలు దిద్దే పాస్టరు అయ్యగారు ఇంటికే వస్తున్నారు. గట్టెక్కితే రాయమల్లుకు సర్టిఫికెట్, ప్రార్థన హాలు పెద్దరికం. పై తరగతి పాఠాలు కూడా వస్తాయి, అవి నాకు. దొరికిపోతే అన్నీ బంద్. మూడు రోజులుగా, పంపేముందు రాసిపెట్టుకున్న నా నకళ్లు చూసి ఆయనకు నూరిపోస్తున్నాను. పదిహేడో దానికి మాత్రం నకలు లేదు. ఆ రోజు నీళ్లు ఆలస్యంగా వచ్చి, హడావుడిలో రాసి పంపేశాను, ఏం రాశానో నాకే సరిగా గుర్తులేదు.

అది బైబిలులో చేరని పాత గ్రంథాల గురించిన పాఠం. ఈజిప్టు మట్టిలో బయటపడిన ఒక పుస్తకంలో చిన్న కథ ఉంది. ఒకామె కుండ నిండా పిండి మోసుకుంటూ చాలా దూరం నడిచింది. కుండ పిడి విరిగి, పిండి దారి పొడవునా కారిపోయింది. ఆమెకు తెలియలేదు. ఇంట్లో దించి చూస్తే కుండ ఖాళీ. దీని భావమేమిటని ప్రశ్న.

"మెలకువతోని ఉండాలని రాసినవ్. గదే చెప్పు" అన్నాను.

పది గంటలకు అయ్యగారు వచ్చారు. రాయమల్లు గడగడా చెప్పాడు. నేను తలుపు పక్కన చాయ్ గ్లాసులు పట్టుకుని నిలబడ్డాను. అయ్యగారు సంచిలోంచి ఒక కాగితం తీశారు.

"పిండి కుండ కథ. మీరేం రాశారు?"

"మెలకువతోని ఉండాలని, అయ్యగారూ."

ఆయన చదివారు. "'ఆమెకు తెలియలేదంటే నేను నమ్మను. బరువు తగ్గుతుంటే మోసేదాని మెడకు తెలుస్తుంది. ఈ కథ రాసినాయన ఎన్నడూ కుండ ఎత్తి ఉండడు.'"

ఆ మాటలు నావే.

"ముప్పై ఏళ్లుగా ఈ కథ చెప్తున్నాను. ఈ సంగతి నాకు తట్టలేదు" అన్నారు అయ్యగారు. "మీరెప్పుడైనా తలమీద నీళ్లు మోశారా, రాయమల్లుగారూ?"

'ఆయన చెప్తుంటే నేను రాసిన, నడుమ నా మాట ఒకటి కలిసింది.' ఆ అబద్ధం నా నాలుక చివరికి వచ్చింది. ఈలోగా రాయమల్లు చెమట తుడుచుకున్నాడు.

"నేను మొయ్యలే, అయ్యగారూ. ఆమె మోస్తది. రాసింది గూడ ఆమెనే. అన్నీ."

"వీనికేం పుట్టింది!" అంది మూలన కూర్చున్న అత్త.

అయ్యగారు కోప్పడలేదు. సర్టిఫికెట్ మాత్రం ఇవ్వలేనన్నారు, రాయమల్లుకూ, నాకూ. నా పేరు మీద ఒక్క జవాబూ లేదు మరి. కావాలంటే మొదటి పాఠం నుంచి మళ్లీ రాయాలి, ఇంకో రెండేళ్లు. కొత్త దరఖాస్తు ఒకటి మంచం మీద పెట్టి, చాయ్ తాగి బస్సుకు వెళ్లిపోయారు. నేను నిలబడే దాన్ని నింపాను. పేరు దగ్గర అనసూర్య అని రాశాను.

రాయమల్లు గ్లాసులు కడిగాడు. తర్వాత ట్రంకుపెట్టె తెరిచి, నా నకళ్ల కట్ట తెచ్చి ఒళ్లో పెట్టాడు.

"ఫికర్ జెయ్యకు. జవాబులన్నీ ఉన్నయి గదా. సూసి రాసెయ్యి, రెండేండ్లెందుకు, రెండు నెలలల్ల అయిపోతది."

కట్ట విప్పాను. నా దస్తూరీ గుండ్రంగా ఉంది. 'ఇంటి యజమానిగా నేను', 'ల్యాంపురూంలో నేను', 'నా భార్యకు నేను బోధించినప్పుడు'. ఇంతసేపూ ఆపుకున్న నవ్వు వచ్చేసింది. ఆయనకూ అంటుకుంది. కట్ట మళ్లీ కట్టి ఆయన చేతిలోనే పెట్టాను.

"గివి నువ్వు రాసినట్టు రాసినయి. నేనింక రాసుడు మొదలే పెట్టలే."