హాల్ టికెట్ నంబరు పట్టుకుని వచ్చినాయన

తాడేపల్లిగూడెంలో కాలేజీలు ర్యాంకులు చాటుకున్నట్టే ఏసుకుమార్ కూడా మెడలూ నడుములూ చేత్తో విరిచి నొప్పి తగ్గించే తన కైరోప్రాక్టిక్ క్లినిక్ ముందు ఫ్లెక్సీ కట్టించాడు. నవ్వుతున్న ఫొటో, పేరుకు ముందు 'డాక్టర్', కింద తాటికాయంత అక్షరాల్లో '98 మార్కులు', ఆ కింద హాల్ టికెట్ నంబరు. నంబరు వేస్తేనే జనం నమ్ముతారని అతని లెక్క. ఈ వైద్యానికి పెట్టే పరీక్ష నాలుగు భాగాలనీ, తాను రాసింది ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చుని రాసే మొదటిదొక్కటేననీ, మనిషి ఒంటిమీద చెయ్యివేసి చూపించాల్సిన రెండోదానికి మొహం చాటేశాడనీ వెయ్యడానికి ఫ్లెక్సీలో చోటు చాలలేదు, పాపం.

ఏడాదిగా మెడలు విరుస్తున్నాడు. టక్కుమని చప్పుడు రాగానే జనానికి సగం నొప్పి పోయేది. మిగతా సగం ఇంటికి పట్టుకుపోయేవారు.

ఆ ఉదయం ఉంగుటూరు నుంచి పాపమ్మ వచ్చింది. నాట్లు వేసే మనిషి. మెడనొప్పి, వారం నుంచి కుడిచేతి వేళ్లకు స్పర్శ లేదు.

"ఒక్క విరుపుతో పోద్దండీ. ఇక్కడే కూర్చోండి, బల్ల తుడిచి పిలుస్తాను."

"తమ ఫొటో చూసే వచ్చానండీ బాబూ. తొంభై ఎనిమిదంటే మాటలా!"

గది తలుపు తీసేసరికి బల్లమీద ఎవరో ముసలాయన అప్పటికే బోర్లా పడుకుని ఉన్నాడు. తెల్లటి పంచె, పుల్లల్లాంటి కాళ్లు. ఆ గదికి ఉన్నది ఒకటే తలుపు. గదంతా కొల్లేటి నాచు వాసన.

"ఎవరండీ మీరు?"

"తమరు రెండో పరీక్షకు రాలేదు కదండీ. ఫ్లెక్సీమీద నంబరుంది గనక దారి దొరికింది. మెడ ఎముకలు లెక్కపెట్టండి."

చేతులు వాటంతటవే కదిలాయి. మెడ చెరువు అడుగు బురదలా చల్లగా ఉంది. ఒకటి, రెండు... ఏడు. పుస్తకంలో ఏడే. వేళ్ల కింద ఎనిమిదోది తగిలింది. పన్నెండోది తగిలింది. మెడ సాగుతూనే ఉంది. పదిహేడోదాని దగ్గర ముసలాయన తల బల్ల అంచు దాటి, వంపు తిరిగి, కిందనుంచి అతని ముఖంలోకి చూసింది. రెప్ప వెయ్యని పచ్చటి కన్ను.

"ఇప్పుడు విరవండి డాక్టరు గారూ. ఎక్కడ విరవాలో తెలుసుగా? తెలీకుండా విరిస్తే, బయట కూర్చున్నావిడ ఈ ఏటి కోతలు చూడదు."

ఏసుకుమార్ చేతులు వెనక్కి లాక్కున్నాడు. "నాకు... తెలీదండీ."

"గట్టిగా చెప్పండి. ఆవిడకి వినపడొద్దూ?"

"నాకు తెలీదండీ! రెండో పరీక్ష నేను రాయలేదండీ!"

మెడ మెల్లగా ముడుచుకుంది. "అమ్మయ్య, ఏడాదికి ఒక్క జవాబు సరిగ్గా చెప్పారు. ఇంకా రెండు పేపర్లున్నాయి."

పాపమ్మ తలుపు తోసి తొంగిచూసింది. "ఎవరిమీదండీ ఆ కేకలు?"

బల్లమీద ఎవరూ లేరు. తడీ, ఒక తెల్లటి ఈకా ఉన్నాయి.

"మీ మెడ నేను ముట్టుకోనండీ. నేను డాక్టర్ని కాను. ఏలూరు ఆసుపత్రికి పోదాం పదండి."

అక్కడ స్కాన్ చూసిన డాక్టరమ్మ అడిగిన మొదటి మాట, "ఈ మెడ ఎవరైనా తిప్పారా?"

"లేదమ్మా."

"బతికిపోయింది. ఎముక గుల్లబారి ఉంది."

సాయంత్రం ఏసుకుమార్ ఫ్లెక్సీ దించి, నంబరున్న ముక్క కత్తిరించి తగలబెట్టాడు. క్లినిక్‌కు తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

మర్నాడు సామాను తీసుకెళదామని తలుపు తీశాడు. బల్ల తడిగా ఉంది. ఈసారి ఈకలు రెండు, మిగిలిన పేపర్లు ఎన్నో అన్ని.